ఖాళీ క్రేట్లతో పాటు ఖాళీ పాల ప్యాకెట్లనూ తీసుకెళ్లండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

పోయిన ఏడాది దీపావళికి ముందు మా వంటింటి సింకు పూడిపోయింది. ఎంత పొడిచినా నీళ్లు దిగలేదు. ప్లంబర్‌ని పిలిస్తే, కింద వంపు పైపు విప్పి బకెట్లో దులిపాడు. జిడ్డు, నాలుగు మెతుకులు, కాస్త కొబ్బరి పీచు, వాటితో పాటు చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు రాలాయి. కడిగి అరచేతిలో వేసుకుని లెక్కపెట్టాను. పదిహేడు. అన్నీ మూడు మూలల ముక్కలే. లోపలి వైపు తెలుపు, బయటి వైపు నీలం, ఒక అంచున సన్నని అతుకు గీత. అవేమిటో ప్లంబర్‌కి అంతుపట్టలేదు. నేను మాత్రం చూడగానే గుర్తుపట్టాను. పాల ప్యాకెట్ మూలలు. పాలు పోసుకునే ముందు కత్తెరతో కత్తిరించి సింకులోనో గట్టు మీదో వదిలేస్తామే, అవి.

గుర్తుపట్టడానికి కారణం ఉంది. మాది హిందూపురం దగ్గర పల్లె. 1986లో బెంగళూరు వచ్చి పీణ్య పారిశ్రామికవాడలో పనికి కుదిరాను. మొదట సంచుల కంపెనీలో హెల్పర్‌ని. 1994 నుంచి 2021లో రిటైరయ్యేదాకా ఒకే చోట, పాల ప్యాకెట్లకు ఫిల్మ్ తీసే ప్లాంటులో ఆపరేటర్‌గా చేశాను. ఇరవయ్యేడేళ్లు. ఆ పని మీదే పిల్లల్ని చదివించాను, లగ్గెరెలో ఇల్లు కొనుక్కున్నాను. నా చేతుల మీదుగా పోయిన వస్తువు నా ఇంటి పైపులోనే అడ్డం పడి, జిడ్డులో కలిసి బయటికి రావడం చూసి మనసుకు చాలా కష్టమనిపించింది. ఆ రోజు నుంచి తెలుసుకున్నవీ, చేసి చూసినవీ మీ పాఠకులతో చెప్పుకోవాలని రాస్తున్నాను.

ఫిల్మ్ ఎలా తయారవుతుందో ముందు కొంచెం చెప్తాను. పాలిథిన్ గుళికలను మా భాషలో దానా అంటాం. దాన్ని హాపర్ అనే పెద్ద గరాటులో పోస్తే లోపల స్క్రూ తిరుగుతూ, వేడికి కరిగించి, ముద్దగా ముందుకు నెడుతుంది. డై అనే గుండ్రటి మూతి లోంచి అది గొట్టంలా బయటికి వస్తున్నప్పుడు మధ్యలో గాలి నింపుతాం. అప్పుడది రెండంతస్తుల ఎత్తున బుడగలా లేస్తుంది. పైన రోలర్ల మధ్య అణిగి, కిందికి దిగి, రోల్‌గా చుట్టుకుంటుంది. దానాలో ఎల్‌డీ, ఎల్‌ఎల్‌డీ అని రెండు రకాలు కలుపుతాం. ఒకటి మెత్తదనానికి, ఇంకొకటి చిరగకుండా ఓర్చుకోవడానికి. తెలుపు కోసం టైటానియం డయాక్సైడ్ ఉన్న మాస్టర్‌బ్యాచ్ అనే రంగు దానా పడుతుంది. అది అందం కోసం కాదు. వెలుతురు తగిలితే పాలలోని బి2 విటమిన్ తగ్గిపోతుంది, రుచీ చెడుతుంది. మేం తీసిన ఫిల్మ్ మందం 50, 60 మైక్రాన్ల మధ్య ఉండేది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పాలకు వాడే పాలిథిన్ ప్యాకెట్ల కోసమే ఐఎస్ 11805 అని ఒక భారతీయ ప్రమాణం ఉంది. ఎక్కడైనా మందం తగ్గితే ఆ రోల్ పక్కన పెట్టేసేవాళ్లం. ఎందుకంటే ఎక్కడో ఒక ఇంట్లో తెల్లవారుజామున ఆ ప్యాకెట్ కారితే, ఆ ఇంటి పసిబిడ్డకు ఆ పూట పాలుండవు. ఈ మాట మా ఫోర్‌మన్ రోజూ చెప్పేవాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పాల ప్యాకెట్‌లో ఉన్నది మొత్తం ఒకే జాతి ప్లాస్టిక్. ఎన్ని పొరలున్నా అన్నీ పాలిథినే. చిప్స్ ప్యాకెట్ అలా కాదు. అందులో వేర్వేరు జాతుల పొరలు అతికి ఉంటాయి, మధ్యలో లోహం పూత ఉంటుంది. వాటిని విడదీయడం పాత సామాన్లవాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఎక్కువ రోజులు నిలవుండే పాలు వచ్చే అట్టపెట్టె మరో రకం. అందులో నూటికి సుమారు 75 వంతులు అట్ట, 20 వంతులు పాలిథిన్, 5 వంతులు అల్యూమినియం. దాన్ని కాగితం మిల్లులో నీళ్లలో చిలికితే అట్ట పీచు విడిపోతుంది, మిగిలినదాన్ని నొక్కి పలకలు, పైకప్పు రేకులు చేస్తారు. అదీ మంచి పనే, కానీ దానికి వేరే మిల్లు కావాలి. మన మామూలు పాల ప్యాకెట్‌కు అంత పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. కరిగిస్తే చాలు, మళ్లీ దానా అవుతుంది.

మా ప్లాంటులో ఇది నేను రోజూ చూసిందే. మిషన్ మొదలుపెట్టినప్పుడు వచ్చే పనికిరాని ఫిల్మ్, అంచుల్లో కోసిన పట్టీలు, అచ్చు తప్పిన రోల్స్ అన్నీ ఒక మూల పోగు చేసేవాళ్లం. అచ్చు లేనిదాన్ని మళ్లీ దానాగా మార్చి పాలకు కాకుండా ఇతర పనులకు వాడేవాళ్లు. అచ్చు ఉన్నదాన్ని తూకానికి కొనుక్కుపోవడానికి మనుషులు గేటు దగ్గర కాచుకుని ఉండేవాళ్లు. అన్నేళ్లలో ఒక్క కిలో కూడా చెత్తకుప్పకు పోయిందని నాకు గుర్తు లేదు. మరి అదే ఫిల్మ్ మన వంటింటికి వచ్చి ఒక్క పూట ఉండి వెళ్లేసరికి చెత్త ఎలా అవుతోంది? ప్లాస్టిక్‌లో వచ్చిన మార్పేమీ లేదు. దానికి అంటుకున్నది రెండు చుక్కల పాలు, కాస్త తడి. అంతే.

ఆ రెండు చుక్కలు ఏం చేస్తాయో చూడాలని మా వీధి చివర గుజరీ అంగడి, అంటే పాత సామాన్ల కొట్టు ఆయన్ని అడిగాను. ఆయన తన సరుకు వేసే నాయండహళ్లికి నన్ను టెంపోలో తీసుకెళ్లాడు. మైసూరు రోడ్డు పక్కన ఉండే ఆ ప్రాంతం ప్లాస్టిక్ ఏరేవాళ్లకూ కరిగించేవాళ్లకూ పెట్టింది పేరు. మేం వెళ్లిన షెడ్డులో ఆరేడుగురు ఆడవాళ్లు నేల మీద కూర్చుని కవర్లు ఏరుతున్నారు. అందులో ఒకామెది కదిరి వైపు. నేను తెలుగులో పలకరించేసరికి పక్కనున్న బస్తా జరిపి కూర్చోమంది.

ఆమె పని చూస్తే ఇరవయ్యేడేళ్ల అనుభవం ఉన్న నాకే ఆశ్చర్యమేసింది. కవరు చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఒకసారి నలుపుతుంది. గలగలమంటే హెచ్‌ఎం అనే గట్టి రకం పాలిథిన్, ఒక కుప్ప. సప్పుడు చెయ్యకుండా మెత్తగా నలిగితే ఎల్‌డీ, ఇంకో కుప్ప. కళ్లతో చూసేది తక్కువే. పాల కవరు మాత్రం చెవి దాకా రానివ్వదు. చేయి దూరంగా పెట్టి విసిరేస్తుంది. ఎందుకని అడిగాను.

“పాల కవరు మంచి సరుకే అన్నా. కంపు ఒకటే బాధ. వానాకాలం మూట ఇప్పితే పురుగులు లుకలుకలాడతాయి. సబ్బేసి ఎంత తోమినా, అన్నం తినేటప్పుడు చేతుల్లో ఆ వాసన అట్నే ఉంటాది. ఇండ్లల్లో వాళ్లు ఒక గుక్కెడు నీళ్లు పోసి పంపిస్తే మాకీ కర్మ లేదు కదన్నా.”

ఆమె విసిరిన కవర్లు పక్కనున్న సిమెంటు తొట్టిలోకి వెళ్తాయి. ఇద్దరు కుర్రాళ్లు కర్రలతో వాటిని తిప్పుతారు. పాలిథిన్ నీటి కన్నా తేలిక కాబట్టి పైకి తేలుతుంది, మన్నూ రాళ్లూ కిందికి దిగుతాయి. తొట్టిలో నీళ్లు పుల్లటి వాసనతో బూడిద రంగులో ఉన్నాయి. అన్ని కవర్లకూ ఆ నీళ్లే. తర్వాత ఆరబెట్టి, అగ్లో మిషన్‌లో వేస్తారు. కత్తుల రాపిడి వేడికి ఫిల్మ్ మెత్తబడి ముద్దలవుతుంది. ఆ ముద్దలను మళ్లీ కరిగించి, దారాల్లా తీసి, తుంచి దానా చేస్తారు. మిషన్ మూతి దగ్గర సన్నని తీగ జల్లెడ ఉంటుంది. కవర్‌లో పాలు ఎండి ఉంటే అవి మాడి నల్లటి పొక్కులై జల్లెడకు పట్టేస్తాయి. తడి మిగిలి ఉంటే ఆవిరై, దానాలో గాలి బుడగలు వస్తాయి. నేనున్న అరగంటలోనే జల్లెడ మార్చడానికి ఒకసారి మిషన్ ఆపారు. ఆపిన ప్రతిసారీ కరెంటూ సరుకూ కూలీ నష్టం. అందుకే పాల కవర్ల మూటకు శుభ్రమైన ఎల్‌డీకి ఇచ్చే ధర ఇవ్వరు. అచ్చు రంగులన్నీ కలిసిపోయి చివరికి వచ్చే దానా నల్లగా ఉంటుంది. దానితో చెత్త సంచులు, తోటలకు వేసే నల్ల పైపులు, మొక్కల మొదళ్ల దగ్గర పరిచే షీట్లు తీస్తారు. మళ్లీ పాల ప్యాకెట్‌గా మాత్రం రాదు, రాకూడదు కూడా.

బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ ఆ కదిరి ఆమె చేతులే కళ్లముందు మెదిలాయి. మనం ఇంట్లో ఒక్క నిమిషం పెట్టని పని ఆమె రోజంతా, కుళ్లిన తర్వాత, చేత్తో చేస్తోంది.

మరునాటి నుంచి మా ఇంట్లో పద్ధతి మార్చాం. ఇప్పుడు మూల కత్తిరించినా పూర్తిగా తెంచం. కత్తెర ముప్పావు వంతు దాకా పోనిచ్చి ఆపేస్తే మూల ప్యాకెట్‌కే వేలాడుతూ ఉంటుంది, పాలు హాయిగా పడతాయి. మా మనవరాలికి తొమ్మిదేళ్లు. రెండోసారి చూపించేసరికి నేర్చుకుంది. పాలు పోశాక పైఅతుకు మొత్తం కోసేస్తే ప్యాకెట్ సంచిలా నోరు తెరుచుకుంటుంది. అందులో పావు గ్లాసు చన్నీళ్లు పోసి, నోరు పట్టుకుని నాలుగుసార్లు ఆడించి, ఆ నీళ్లే రెండో ప్యాకెట్‌లో, ఆ తర్వాత మూడో దానిలో పోస్తాం. మొదటిసారి తొలిపిన నీళ్లను మా ఇంటావిడ కాగే పాలలోనే కలుపుతుంది. మన ఇళ్లలో పాత అలవాటే అది. రెండో కడుగు కరివేపాకు కుండీకి పోతుంది. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం ఈ ఊరు ఎంత అవస్థ పడిందో మరచిపోలేదు కాబట్టి నీళ్ల సంగతి ఇంత వివరంగా రాస్తున్నాను. మూడు ప్యాకెట్లకు కలిపి అరగ్లాసు నీళ్లు చాలు. సబ్బు అక్కర్లేదు. వేడినీళ్లు అసలే వద్దు, వేడికి పాలలోని ప్రోటీన్ గట్టిపడి ఫిల్మ్‌కు అతుక్కుంటుంది.

ఆరబెట్టడానికి కూడా పెద్ద ఏర్పాటేమీ లేదు. తడి ప్యాకెట్‌ను విప్పి సింకు వెనకున్న టైల్స్ మీద అరచేత్తో అదిమితే అతుక్కుపోతుంది. సాయంత్రానికి ఆరి, అంచులు లేచి, దానంతటదే కింద పడుతుంది. పడితే ఆరినట్టే.

మొదట్లో ఈ ఆరబెట్టే విషయం నేనే నిర్లక్ష్యం చేశాను. కడిగితే చాలనుకుని, తడి తడిగానే ఒక కవర్లో కుక్కి రెండు వారాలు బాల్కనీలో పెట్టాను. విప్పేసరికి పచ్చగా, తెల్లగా బూజు. ఇల్లంతా వాసన. అరవై డెబ్బై ప్యాకెట్లు అన్యాయంగా పారేయాల్సి వచ్చింది. ఆ తప్పు ఇంకెవరూ చెయ్యకూడదని చెప్తున్నాను. కడగడం సగం పని, ఆరబెట్టడం మిగతా సగం.

బరువు సంగతి కూడా చెప్పాలి. తెలిసిన బంగారు అంగడిలో తూకం వేయించాను. అరలీటరు ప్యాకెట్ రెండున్నర గ్రాములకు కొంచెం తక్కువ. ఆ పదిహేడు మూలలూ కలిపి గ్రాములో మూడో వంతు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ప్యాకెట్ అంత పెద్దది కాబట్టి ఆ కదిరి ఆమె చేతికి దొరుకుతుంది, కిలోలై డబ్బవుతుంది. గోరంత మూల ఎవరి చేతికీ దొరకదు. అది కాలవలోకి పోతుంది, మన్నులో కలుస్తుంది, ఇంకా చిన్న ముక్కలవుతుందే తప్ప ఎక్కడికీ పోదు. రోజుకు మూడు ప్యాకెట్లు వాడే మా ఒక్క ఇంటి నుంచే ఏడాదికి దాదాపు 1100 మూలలు. ఎన్నేళ్ల నుంచి అలా పంపుతూ వచ్చామో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

చెత్త ఏర్పాట్ల విషయానికి వస్తే, బెంగళూరులో నియమాలకు కొదవ లేదు. తడి చెత్త, పొడి చెత్త, శానిటరీ చెత్త ఇళ్లలోనే వేరు చేసి ఇవ్వాలని, రెండు బుట్టలూ ఒక సంచీ పెట్టుకోవాలని 2015 డిసెంబరులోనే కర్ణాటక హైకోర్టు ఆదేశించింది. పొడి చెత్త కేంద్రాలు కూడా ఉన్నాయి. చిక్కు ఎక్కడంటే, పాల ప్యాకెట్ తడిగా ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని తడి చెత్తలో వేస్తారు. కొందరు కూరగాయల తొక్కులు అందులోనే కూరి, ముడి వేసి ఇస్తారు. మా వీధికి వచ్చే చెత్త ఆటోలో చాలా రోజులు అన్నీ ఒకే కుప్పగా పడేవి. ఆ ఆటో కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. ఎనిమిదిలోపు వందల ఇళ్లు తిరగాలి, ముడి విప్పి చూసే తీరిక అతనికెక్కడిది? ఆటోకు దొరకనివి ఖాళీ సైట్లలో పడతాయి. పాల వాసనకు ఆవులు ప్యాకెట్‌ను నాకి నాకి, చివరికి మింగేస్తాయి. అది కడుపులోనే ఉండిపోతుంది. పాలిచ్చిన జీవికి మనం తిరిగి ఇచ్చేది ఇదా అని అడగాలనిపిస్తుంది.

అసలు నేను అడగదలచుకున్నది ఇప్పుడు అడుగుతాను. ఇది డెయిరీలకు.

మా వీధి పాల బూత్ నడిపే ఆయనది కోలారు వైపు, తెలుగు బాగా మాట్లాడతాడు. పొద్దున నడకకు వెళ్తూ ఆయన దగ్గర కాసేపు ఆగుతాను. నాలుగున్నరకు వ్యాన్ వస్తుంది. నిండు క్రేట్లు దించుతారు, నిన్నటి ఖాళీ క్రేట్లు ఎక్కిస్తారు. “క్రేట్లు మాత్రం ఒకటికి రెండుసార్లు లెక్క చూసుకుంటారన్నా. ఒకటి తక్కువైతే డబ్బు కట్టాల్సిందే” అన్నాడాయన. ఆ మాట విన్నాక నా ఆలోచన అక్కడే ఆగిపోయింది. క్రేటూ ప్లాస్టిక్కే. దానికి విలువ ఉందని డెయిరీకి తెలుసు కాబట్టి ప్రతి బూత్ నుంచి, ప్రతి రోజూ, లెక్కపెట్టి మరీ వెనక్కి తీసుకెళ్తోంది. అంటే ప్రతి వీధికీ డెయిరీ బండి వస్తోంది, సగం ఖాళీగా వెనక్కి పోతోంది. మనిషీ ఉన్నాడు, దారీ ఉంది, డీజిల్ ఖర్చు ఎలాగూ పెడుతున్నారు. వారానికి ఒక్క రోజు, కడిగి ఆరబెట్టిన ప్యాకెట్ల సంచి ఒకటి ఆ బండిలో ఎక్కితే ఏం పోతుంది?

పాల బండిలో పాత ప్యాకెట్లా, శుభ్రం మాటేమిటి అని అడుగుతారు. అడగాల్సిందే, నేనూ ఆలోచించాను. సంచి వెళ్లేది తిరుగు ప్రయాణంలో, పాలన్నీ దిగిపోయాక. మూతి కుట్టిన సంచి, లోపల ఆరిన ప్యాకెట్లు. ఏ అంగడి గట్టు మీదో, నేల మీదో రోజంతా పడున్న క్రేట్లను డెయిరీ మళ్లీ కడిగే వాడుతుంది. అంతకన్నా ఈ సంచి వల్ల వచ్చే మురికేమీ లేదు. తడివీ వాసన వేసేవీ తీసుకోనని చెప్పే హక్కు బూత్ ఆయనకు ఇవ్వాలి. ఆయన శ్రమకు ఏదో కొంత ఇవ్వాలి కూడా. అలా డెయిరీకి చేరిన ఫిల్మ్ ఎలాంటిదంటే, మా ప్లాంటు గేటు దగ్గర మనుషులు కాచుకుని కొనుక్కుపోయారని చెప్పానే, దాదాపు అలాంటి సరుకు. ఒకే జాతి, ఒకే రకం, శుభ్రం. దానికి కొనేవాళ్లను వెతకాల్సిన పని ఉండదు.

డెయిరీలు దీనితో పాటు ఇంకొకటి చెయ్యాలి. ప్యాకెట్ మీద, పైమూల దగ్గర, కత్తెర బొమ్మ వేసి, మూల తెంచకుండా ఎక్కడిదాకా కత్తిరించాలో చుక్కల గీత పెట్టాలి. పక్కన “కడిగి, ఆరబెట్టి, తిరిగి ఇవ్వండి” అని కన్నడంలో ఒక ముక్క. చదువు రానివాళ్లకూ బొమ్మ అర్థమవుతుంది. అచ్చు మార్చడం పెద్ద పని అనేవాళ్లకు నా అనుభవంతో జవాబు చెప్పగలను. అచ్చుకు వాడే పలకను మేం స్టీరియో అంటాం. కొత్త స్టీరియో చేయించి బిగిస్తే తర్వాతి రోల్ నుంచి కొత్త అచ్చు పడుతుంది. 2024 జూన్‌లో కర్ణాటక పాల సమాఖ్య వాళ్ల నందిని ప్యాకెట్‌కు 50 మిల్లీలీటర్లు కలిపి 550, 1050 మిల్లీలీటర్లు చేశారు, 2025 ఏప్రిల్‌లో మళ్లీ అరలీటరు, లీటరు చేశారు. ఏడాది లోపల రెండుసార్లు రాష్ట్రమంతటా ప్యాకెట్ మీద పరిమాణం మారింది. ఒక కత్తెర బొమ్మ అంతకన్నా కష్టమా?

చట్టం కూడా ఇటే చూపిస్తోంది. ప్యాకెట్‌లో సరుకు పెట్టి అమ్మినవాళ్లే ఆ ప్లాస్టిక్‌కు బాధ్యులని కేంద్రం తెచ్చిన 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. 2022 ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాల్లో పాల ప్యాకెట్ లాంటి మెత్తటి ప్లాస్టిక్‌ను రెండో తరగతిలో పెట్టి, 2024-25లో 30 శాతంతో మొదలై 2027-28 నాటికి 60 శాతం దాకా రీసైకిల్ చేయించాలని లక్ష్యాలు పెట్టారు. రీసైకిల్ చేసినవాళ్ల దగ్గర సర్టిఫికెట్లు కొని ఈ లెక్క సరిచేసుకునే వీలు కూడా ఉంది. ఆ వీలు వల్ల కాగితం మీద లెక్క సరిపోవచ్చు, కానీ నా సింకులో పడ్డ మూలకు ఆ కాగితం ఏమీ చెయ్యలేదు. ప్యాకెట్ కదిలితేనే పని జరిగినట్టు.

డబ్బు వాపసు పద్ధతి గురించి కూడా మాట్లాడుకుంటున్నారు. మహారాష్ట్రలో 2018 మార్చిలో ప్లాస్టిక్ మీద ఆంక్షలు తెచ్చినప్పుడు, పాల ప్యాకెట్ 50 మైక్రాన్లకు తగ్గకూడదనీ, తిరిగి కొనే ధర 50 పైసలని దాని మీద అచ్చు వేయాలనీ ఉత్తర్వులో రాశారు. తమిళనాడులో నీలగిరుల్లో 2022 నుంచి మద్యం సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెస్తే తిరిగిస్తున్నారు. సీసా పెద్ద వస్తువు, 10 రూపాయలు గుర్తుండే మొత్తం. రెండున్నర గ్రాముల ప్యాకెట్‌కు విడివిడిగా చిల్లర లెక్కపెట్టమంటే తెల్లవారుజామున బూత్‌లో ఎవరికీ కుదరదు. కిలోకు సుమారు నాలుగు వందల ప్యాకెట్లు తూగుతాయి కాబట్టి తూకానికి తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. అపార్ట్‌మెంట్ల నుంచైతే నెలకోసారి తూకం వేసి, ఆ విలువకు పెరుగో నెయ్యో ఇచ్చినా జనం సంతోషంగా ఇస్తారు.

మొక్కజొన్న పిండి లాంటివాటితో చేసి, మట్టిలో కలిసిపోయే కవర్ల గురించి కూడా ఈమధ్య వింటున్నాం. మంచిదే, రానివ్వండి. కానీ ఫిల్మ్ తీసినవాడిగా ఒక హెచ్చరిక. అవి చూడడానికి పాలిథిన్‌లాగే ఉండి, ఎల్‌డీ మూటల్లో కలిసిపోతే మొత్తం దానా పాడవుతుంది. ఆ కదిరి ఆమె చెవికి కూడా తేడా తెలియకపోవచ్చు. వేరే రంగో, దూరం నుంచే కనిపించే గుర్తో లేకుండా వాటిని బజారులోకి తేవద్దు. సీసాలే మళ్లీ రావాలనేవాళ్లతోనూ నాకు పేచీ లేదు. ఎవరి వీధికి సీసా వస్తే వాళ్లు తీసుకోండి. ఈ ఊళ్లో రేపు తెల్లారేసరికి గుమ్మాల ముందు పడేవాటిలో ఎక్కువ ప్యాకెట్లే, నా బాధ వాటి గురించి.

మా భవనంలో పన్నెండు ఇళ్లున్నాయి. మొదట మేం ఒక్కళ్లమే, తర్వాత పక్కింటి తమిళావిడ, ఇప్పుడు తొమ్మిది ఇళ్లవాళ్లు ఆరిన ప్యాకెట్లు తెచ్చి మెట్ల కింద కట్టిన సంచిలో వేస్తున్నారు. ఇద్దరు ముగ్గురు ఇంకా మూలలు తెంచేస్తున్నారు. వాళ్లతో పోట్లాడను, నెమ్మదిగా చెప్తున్నాను. ఇప్పటికి మూడు మూటలు గుజరీ అంగడికి వేశాం. మా మూటకు ఆయన పాల కవరు ధర కట్టలేదు, శుభ్రమైన ఎల్‌డీ ధర కట్టాడు. ఆ డబ్బు మా భవనం ఊడ్చే ఆమెకు ఇచ్చాం.

నాలుగో మూట, అయిదో మూట మాత్రం అమ్మలేదు. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన వాన తగలకుండా కప్పి ఉంచాను. ఈ ఉత్తరం ఏ డెయిరీ అధికారి కంట్లోనైనా పడి, ఒక్క వీధిలో ఒక్క నెల చేసి చూద్దామని అనిపిస్తే, మా వీధి నుంచి మొదలుపెట్టండి. వ్యాన్ వచ్చే నాలుగున్నరకు ఆ రెండు మూటలూ బూత్ దగ్గరికి నేనే మోసుకొస్తాను.

ఇట్లు,
పాల ఫిల్మ్ ప్లాంటులో పనిచేసి రిటైరైన ఆపరేటర్,
లగ్గెరె, బెంగళూరు